అభిమాన బ్యాండును తొలిసారి ప్రత్యక్షంగా చూడబోతున్నారా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల శ్రోతలు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఒకే బ్యాండును పదేళ్లు, పదిహేనేళ్లు ఇయర్‌ఫోన్లలో మాత్రమే విన్నవారు చాలామంది ఉన్నారు. ఆ బృందం చెన్నైకో, బెంగళూరుకో వస్తోందని తెలియగానే వారి దగ్గర నుంచి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాటికి నాకు తెలిసిన జవాబులను ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టవచ్చు.

## వెళ్లాలా, వద్దా అనుకునేటప్పుడు

యూట్యూబులో అన్నీ ఉన్నాయి కదా, అన్ని వేలు పోసి వెళ్లడం అవసరమా?

స్పష్టంగా చూడడమే మీకు కావలసినదైతే ఇల్లే మేలు. 2025 జనవరి 26న అహ్మదాబాద్‌లో బ్రిటిష్ బ్యాండు కోల్డ్‌ప్లే ఇచ్చిన ప్రదర్శన హాట్‌స్టార్‌లో ప్రత్యక్ష ప్రసారమైంది. స్టేడియం చివరి వరసల్లో ఉన్నవారికంటే ఇంట్లో కూర్చున్నవారే గాయకుడి ముఖాన్ని బాగా చూసి ఉంటారు. అయితే ఫోను స్పీకరు పలికించలేని మంద్ర ధ్వనులు కొన్ని ఉంటాయి. మైదానంలో అవి చెవికంటే ముందు ఛాతీకి తగులుతాయి. బేస్ డ్రమ్ము దెబ్బ పక్కటెముకల్లో తెలుస్తుంది. గాయకుడు ఒక పంక్తి వదిలేస్తే వేలమంది అందుకుని పూర్తి చేస్తారు. ఇన్నేళ్లూ మీరు ఒంటరిగా గదిలో పాడుకున్న పంక్తి అది. పేరు విన్న ప్రతి బ్యాండుకూ వెళ్లమని చెప్పను. కష్టకాలంలో మీకు తోడుగా నిలిచిన బ్యాండు ఒకటి ఉంటుంది. దాన్ని మాత్రం ఒక్కసారైనా వెళ్లి వినండి.

ఆ బ్యాండు మన నెల్లూరుకో, ఒంగోలుకో వచ్చేదాకా ఆగకూడదా?

విదేశీ బృందాల విషయంలో ఆగకండి. అంత పెద్ద వేదిక, అంత విద్యుత్తు, వేలమంది ఒకేసారి వచ్చి వెళ్లగల దారులు ఉన్న నగరాలనే నిర్వాహకులు ఎంచుకుంటారు. మనకు చెన్నై దగ్గర కావడం పెద్ద సౌలభ్యం. నెల్లూరు నుంచి అది సుమారు 175 కిలోమీటర్లే. మన దేశపు స్వతంత్ర బృందాలు కళాశాల ఉత్సవాల్లో తక్కువ ధరకే వినిపిస్తాయి. ఐఐటీ మద్రాసులో జనవరిలో జరిగే సారంగ్ అలాంటిదే.

ఎదురుచూస్తూ కూర్చోవద్దనడానికి ఇంకో కారణం ఉంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గాయకుడిగా తొలి రోజుల్లో ఒక చిన్న సంగీత బృందాన్ని నడిపేవారు. అందులో ఇళయరాజా గిటారు, హార్మోనియం వాయించేవారు. ఇళయరాజా తమ్ముడు గంగై అమరన్ కూడా ఉండేవారు. మన బాలు 2020లో నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు. అదే ఏడాది సెప్టెంబరు 25న కన్నుమూశారు. "ఎప్పుడైనా వినవచ్చులే, మన ఊరివాడే కదా" అనుకున్నవారు ఈ జిల్లాలో ఎందరో ఉన్నారు.

మా అభిమాన బ్యాండులో పాత గాయకుడు లేడు. ఇప్పుడు వెళితే అది ఆ బ్యాండే అవుతుందా?

నేను ఈ ప్రశ్నకు ఇండియన్ ఓషన్‌ను తలచుకుని జవాబు చెబుతాను. 1990లో ఢిల్లీలో సుస్మిత్ సేన్, అషీమ్ చక్రవర్తి మొదలుపెట్టిన బృందమది. ఆ పాటలకు ప్రాణం పోసిన గొంతుల్లో ఒకటైన అషీమ్ 2009 డిసెంబరు 25న మరణించారు. గిటారుతో ఆ బృందానికి రూపురేఖలిచ్చిన సుస్మిత్ 2013లో తప్పుకున్నారు. రాహుల్ రామ్, అమిత్ కిలమ్ మాత్రం ఆగలేదు. హిమాంశు జోషి, తుహీన్ చక్రవర్తి, నిఖిల్ రావు వచ్చి చేరారు.

అషీమ్ గొంతు కోసం వెళ్లినవారికి ఆ గొంతు వినిపించదు. ఆ లోటు పాట మొదలైన క్షణం నుంచీ తెలుస్తుంది. తెలియాలి కూడా. కానీ అదే పాట కొత్త గొంతులో నిలబడడం, పాత సభ్యులు కళ్లు మూసుకుని దాన్ని వాయించడం, ఆ ఖాళీని సభ అంతా కలిసి మోయడం రికార్డింగులో దొరకవు. కొత్త గాయకుణ్ని పాత గాయకుడితో తూచడానికే వెళ్లేటట్లయితే డబ్బు దాచుకోండి. ఆ పాటలు ఇంకా బతికి ఉన్నాయా అని చూడాలనుంటే తప్పక వెళ్లండి.

పాటల భాష పూర్తిగా అర్థం కాదు. ఇబ్బందిపడతానా?

పడరు. ఇండియన్ ఓషన్ 2000లో తెచ్చిన "కందీసా" ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట అరమాయిక్ ప్రార్థన. దాన్ని గుండెల్లో పెట్టుకున్నవారిలో ఆ భాష తెలిసినవారు ఎంతమంది ఉంటారు? 2025 ఫిబ్రవరి 9న బెంగళూరులో గాయని శిల్పారావుతో కలిసి బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ తెలుగు పాట పాడితే సభ ఊగిపోయింది. ఆయనకు తెలుగు రాదు. ఏళ్ల తరబడి విన్న పాటలో మీకు తెలియకుండానే సగం మాటలు నోటికి వచ్చి ఉంటాయి.

యాభై ఏళ్లు దాటాయి. కుర్రవాళ్ల మధ్య నేనేమి బాగుంటాను?

ఇళయరాజా 81 ఏళ్ల వయసులో, 2025 మార్చి 8న లండన్‌లో తన సింఫనీని వినిపించారు. వేదిక మీద లేని వయసు నిబంధన శ్రోతలకు ఎందుకు? సీటు ఉన్న టికెట్టు తీసుకోండి. మోకాళ్లకు అది మంచిది.

అమ్మాయిని. ఇంట్లో పంపడం లేదు. ఎలా ఒప్పించాలి?

"పాటల కార్యక్రమానికి వెళతాను" అని మాత్రమే చెబితే పెద్దవారికి తెలియనివే ఎక్కువగా కనిపిస్తాయి, భయపడతారు. వేదిక ఎక్కడ, ఎన్నింటికి ముగుస్తుంది, ఎవరితో వెళుతున్నారు, రాత్రి బస ఎవరింట్లో అన్నవి కాగితం మీద రాసి ఇవ్వండి. తిరుగు ప్రయాణం టికెట్టు చూపించండి. ఫోనులో మీరున్న చోటు ఇంట్లోవారికి కనిపించేలా పెట్టండి. చెన్నైలో పిన్నిగారో, మేనమామగారో ఉంటే ముందు వారితో మాట్లాడించండి. అమ్మకు టికెట్టు కొని వెంట తీసుకెళ్లడం అన్నిటికంటే మంచి ఉపాయం. మీరు రోజూ వినే పాటలు ఏమిటో ఆమెకూ తెలుస్తుంది.

## టికెట్టు కొనేటప్పుడు

టికెట్లు నిమిషాల్లో అయిపోతున్నాయి. దొరకాలంటే ఏమి చేయాలి?

2024 సెప్టెంబరు 22న కోల్డ్‌ప్లే ముంబై ప్రదర్శనల టికెట్లు బుక్‌మైషోలో పెట్టినప్పుడు వరసలో లక్షలమంది నిలిచారు. అలాంటి రోజున ముందే చేసుకున్న ఏర్పాట్లే కాపాడతాయి. ఖాతా తెరిచి, చిరునామా, చెల్లింపు వివరాలు ముందురోజే నింపి ఉంచండి. ఏ తరగతి టికెట్టు కావాలో, అది దొరకకపోతే తరువాతది ఏదో ఇంట్లో మాట్లాడుకుని నిర్ణయించుకోండి. వరసలో చేరాక పేజీని మళ్లీ మళ్లీ తాజా చేయకండి, స్థానం పోవచ్చు. బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ కోసం సిగ్నల్ బాగా ఉన్న చోట కూర్చోండి.

దొరకకపోతే వెంటనే నిరాశపడవద్దు. అప్పుడు ముంబైలో జనవరి 21 ప్రదర్శన, ఆ తరువాత అహ్మదాబాద్ ప్రదర్శనలు అదనంగా ప్రకటించారు. గిరాకీని చూసి తేదీలు పెంచడం మామూలే.

ఒకరు రెట్టింపు ధరకు టికెట్టు ఇస్తానంటున్నారు. కొనవచ్చా?

వద్దు. ఇప్పటి టికెట్టంతా ఒక క్యూఆర్ కోడ్. దాని చిత్రాన్ని ఒకేసారి పదిమందికి పంపవచ్చు. గేటు దగ్గర మొదట చూపించినవారు లోపలికి వెళతారు, మిగిలినవారి డబ్బు పోతుంది. అధికారిక వేదికలోనే పేరు మార్చి బదిలీ చేసే వెసులుబాటు ఉంటే, ఆ పద్ధతిలోనే తీసుకోండి. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 సైబర్ నేరాల నంబరుకు ఫోను చేయండి. డబ్బు ఇంకో ఖాతాకు వెళ్లకముందే ఫిర్యాదు అందితే నిలిపివేసే అవకాశం ఉంటుంది.

వేదిక ముందు నిలబడే చోటు మంచిదా, వెనక సీటు మంచిదా?

ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన మంచి ధ్వని వస్తుందని నమ్మకండి. వేదికకు ఆనుకుని నిలబడితే పెద్ద స్పీకర్ల గుత్తి మీ తల మీదుగా వెనక్కి పలుకుతుంది. మీకు వినిపించేది ఎక్కువగా డ్రమ్ములు, నేల మీద పెట్టిన బేస్ స్పీకర్ల మోత. గాయకుడి మాటలు మసకబారుతాయి. మైదానం మధ్యలో, వేదికకు ఎదురుగా, చిన్న పందిరి కింద ధ్వనిని సరిచేసే ఇంజనీరు కూర్చుంటారు. ఆయన తన చెవికి బాగున్నట్టే అంతా అమర్చుతారు. కాబట్టి ఆ పందిరి చుట్టుపక్కల నిలబడినవారు అదృష్టవంతులు.

మరీ వెనక్కి వెళితే ఇంకో సంగతి ఎదురవుతుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. వంద మీటర్ల దూరంలో ఉన్నవారికి కంటికి కనిపించిన డ్రమ్ము దెబ్బ దాదాపు 0.3 సెకన్ల తరువాత వినిపిస్తుంది. అందుకే పెద్ద మైదానాల్లో మధ్య మధ్య స్తంభాలకు స్పీకర్లు కట్టి, వాటి ధ్వనిని కావాలనే ఆ మేరకు ఆలస్యం చేస్తారు. అలాంటి స్తంభం దగ్గర ఉంటే వెనక వరసలోనూ పాట స్పష్టంగా ఉంటుంది.

నన్ను అడిగితే, గాయకుడి చెమట చూడాలనుకునేవారు ముందుకు వెళ్లండి. పాట వినాలనుకునేవారు మధ్యలో ఉండండి. పొట్టిగా ఉన్నవారికి మెట్ల మీది సీటే సుఖం.

మొత్తం మీద ఎంత ఖర్చవుతుంది?

టికెట్టు ధర బ్యాండును బట్టి ఉంటుంది. కోల్డ్‌ప్లే టికెట్లు 2,500 రూపాయల నుంచి 35,000 దాకా పలికాయి. దానిమీద పన్ను, సేవా రుసుము చేరతాయి. ప్రయాణం, బస, మైదానంలో తిండి, నీళ్లు కలిపి లెక్క వేసుకోండి. లోపల అన్నీ బయటికంటే ఖరీదే. వెళ్లే ముందు కడుపునిండా భోజనం చేస్తే కొంత మిగులుతుంది.

## ప్రయాణం

కచేరీ ఎన్ని గంటలకు ముగుస్తుంది? ఆ రాత్రికే నెల్లూరు చేరగలనా?

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకర్లు వాడకూడదు. ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప మైదానంలో కచేరీలు పది గంటలకల్లా ఆగిపోతాయి. ఆపైన బయటకు రావడానికే చాలాసేపు పడుతుంది. అందువల్ల రాత్రి 11.30కు ముందు బయలుదేరే బండికి టికెట్టు తీసుకోకండి. కచేరీ చివరి పాటలు మీకు దక్కవు, మనసంతా గడియారం మీదే ఉంటుంది.

చెన్నైలో నందనం వైఎంసీఏ మైదానం అయితే మనవారికి అనుకూలం. నందనం మెట్రో నుంచి సెంట్రల్‌కు ఒకే లైను, మారనక్కరలేదు. మెట్రో రాత్రి సుమారు 11 దాకా నడుస్తుంది. ఆంధ్ర వైపు బస్సులు మాధవరం బస్ స్టేషన్ నుంచి బయలుదేరతాయి, కోయంబేడు వెళ్లి వెతకవద్దు. రైలైతే మీ బండి సెంట్రల్ నుంచా, ఎగ్మూరు నుంచా, పెరంబూరు మీదుగానా అన్నది టికెట్టు మీద సరిచూసుకోండి. ఈస్ట్ కోస్ట్ రోడ్డులో కచేరీ అయితే ఆ రాత్రి చెన్నైలో ఉండిపోవడమే నయం.

ఒంగోలు నుంచి వెళ్లేవారికి ఏ నగరం మేలు?

బ్యాండు రెండు మూడు నగరాలకు వస్తుంటే చెన్నై, హైదరాబాద్ రెండూ ఇంచుమించు సమానమే. చెన్నై సుమారు 290 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు అద్దంకి, నార్కట్‌పల్లి దారిలో అంతకంటే కొంచెం ఎక్కువ. రైలు సౌకర్యం చెన్నైకి బాగుంటుంది. మార్కాపురం, గిద్దలూరు వైపువారు బెంగళూరును కూడా ఆలోచించవచ్చు. నంద్యాల మీదుగా వెళ్లే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ అటే వెళుతుంది.

స్నేహితులం కారులో వెళ్లవచ్చా?

వెళ్లేటప్పుడు ఇబ్బంది లేదు, 16వ నంబరు జాతీయ రహదారి బాగుంటుంది. తిరిగి వచ్చేటప్పుడే ప్రమాదం. గంటల తరబడి నిలబడి, అరిచి, అలసిపోయినవారు అర్ధరాత్రి దాటాక స్టీరింగు పట్టుకోకూడదు. కచేరీ చూడని డ్రైవరును పెట్టుకోండి, లేదా పడుకుని తెల్లవారి బయలుదేరండి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

వాన వస్తే? తుపాను వస్తే?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి, చెన్నైకి ఈశాన్య రుతుపవనాల కాలం. ఆ నెలల్లో ఆరుబయటి కచేరీకి వెళ్లేవారు రద్దు చేసుకోగల రైలు టికెట్టు, బస తీసుకోవాలి. మిగతా నెలల్లోనూ భరోసా లేదు. 2023 ఆగస్టు 12న చెన్నైలో జరగవలసిన ఏఆర్ రెహమాన్ కచేరీ వాన వల్ల సెప్టెంబరు 10కి మారింది. తేదీ మారితే పాత టికెట్టే చెల్లుతుందా, డబ్బు వెనక్కి అడగవచ్చా అన్నది కొనే ముందే నిబంధనల్లో చదవండి. గొడుగులు లోపలికి రానివ్వరు, పలుచని వానకోటు మడిచి జేబులో పెట్టుకోండి.

## వెళ్లే వారంలో

ఏ పాటలు పాడతారో ముందే తెలుసుకోవాలా?

పెద్ద పర్యటనల్లో పాటల వరస పెద్దగా మారదు. వేరే నగరంలో పాడిన జాబితా చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. నేను మాత్రం చూడను. మొదటి రెండు స్వరాలు వినగానే ఏ పాటో గుర్తుపట్టి గుండె ఝల్లుమనడం కచేరీ ఇచ్చే గొప్ప ఆనందం, దాన్ని చేజేతులా పోగొట్టుకోవడం నాకు ఇష్టముండదు. కొత్త ఆల్బమ్‌ను మాత్రం ఓ నాలుగుసార్లు విని వెళ్లండి. పాతవే తెలిసినవారికి మధ్యలో అరగంట విసుగు పుడుతుంది.

ఏమేమి తీసుకెళ్లాలి?

ఫోను, నిండుగా చార్జింగు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, కొంచెం నగదు, అలవాటైన చెప్పులకు బదులు మునివేళ్లు కప్పే బూట్లు. మందులు వాడేవారు డాక్టరు చీటీతో సహా తీసుకెళ్లాలి. పెద్ద సంచులు, నీళ్ల సీసాలు, బయటి తిండి చాలాచోట్ల ఆపేస్తారు. పవర్ బ్యాంకును కూడా కొన్నిచోట్ల అనుమతించరు. రైల్లో తినడానికి తెచ్చుకున్న పులిహోర గేటు దగ్గరకు రాకముందే అయిపోయేలా చూసుకోండి.

చెవుల్లో ఇయర్‌ప్లగ్గులు పెట్టుకుంటే పాట ఏమి వినిపిస్తుంది?

బాగానే వినిపిస్తుంది, మోత తగ్గుతుంది. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలు భరించవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలు. కచేరీ రెండు గంటలు ఉంటుంది, వేదిక దగ్గర శబ్దం 100 దాటడం మామూలే. పోయిన వినికిడి తిరిగి రాదు. నురుగుతో చేసిన ప్లగ్గులు మందుల దుకాణాల్లో దొరుకుతాయి. సంగీతం కోసం ప్రత్యేకంగా చేసినవి అన్ని స్థాయిలనూ సమానంగా తగ్గిస్తాయి కనుక పాట చెడదు. పిల్లలను తీసుకెళితే వారికి చెవులను పూర్తిగా కప్పే రక్షణ తప్పనిసరి.

## మైదానంలో

ఫోనులో రికార్డు చేసుకోవచ్చా?

సాధారణంగా అడ్డు చెప్పరు. ఒక పాట తీసుకుని ఫోను లోపల పెట్టండి. పెద్ద మోతలో ఫోను మైకు చిట్లిన శబ్దమే పట్టుకుంటుంది. మీరు ఎత్తిపట్టిన తెర వెనకవారికి అడ్డం, వారూ ఏళ్ల తరబడి ఎదురుచూసి వచ్చినవారే.

తోపులాట జరిగితే ఏమి చేయాలి?

2022 డిసెంబరు 28న కందుకూరు రాజకీయ సభలో తొక్కిసలాట జరిగి ఎనిమిదిమంది చనిపోయారు. గుంపు ఎంత త్వరగా ప్రాణాంతకమవుతుందో మన జిల్లాలకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. లోపలికి వెళ్లగానే మీరు వచ్చిన ద్వారం కాకుండా ఇంకో బయటి దారి ఎక్కడుందో చూసుకోండి. అన్ని వైపుల నుంచీ భుజాలు తగులుతున్నాయంటే ఆ చోటు వదిలే సమయం వచ్చినట్టు. పాట బాగున్నా సరే కదలండి.

ఇరుక్కుపోతే చేతులు మడిచి ఛాతీకి కొంచెం ముందు పెట్టుకోండి, ఊపిరి తీసుకునే ఖాళీ మిగులుతుంది. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి నిలబడండి. ఒత్తిడికి ఎదురు తోయవద్దు. అది సడలినప్పుడల్లా పక్కకు, ఐమూలగా జరగండి. ఫోను కింద పడినా వంగవద్దు. ఎవరైనా పడితే నలుగురూ కలిసి వెంటనే లేపండి. గోడకు, కంచెకు దూరంగా ఉండండి.

నా పాట పాడలేదు. ఇంత దూరం వచ్చింది దానికోసమే.

బాధపడడం సహజమే. అయితే సభ నుంచి బయటకు వచ్చేవారిని అడిగి చూడండి. చాలామంది అంతవరకూ పట్టించుకోని ఏదో ఒక పాట పేరు చెబుతారు, ఆ రాత్రి నుంచి అది వారికి ఇష్టమైపోయి ఉంటుంది.

మొదటి పాటకే ఏడుపు వచ్చింది. చుట్టూ ఏమనుకుని ఉంటారో?

ఏమీ అనుకోరు, పక్కవారి కళ్లు కూడా తడిసే ఉంటాయి. పరీక్ష తప్పినప్పుడో, నాన్నగారు పోయినప్పుడో, ఊరు వదిలినప్పుడో విన్న గొంతు ఎదురుగా నిలబడి పాడుతుంటే కన్నీళ్లు రావడంలో వింత ఏముంది?

## తిరిగి వచ్చాక

చెవుల్లో గుయ్‌మని మోత. తగ్గుతుందా?

ఎక్కువమందికి కొన్ని గంటల్లో, లేదా ఒకరోజులో తగ్గుతుంది. ఆ రోజు ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి. రెండు రోజులు దాటినా మోత ఉంటే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోతే ఒక్కరోజు కూడా ఆగవద్దు. త్వరగా మొదలుపెట్టిన చికిత్సే పనిచేస్తుంది.

టికెట్టు ఉన్నా లోపలికి వెళ్లలేకపోయాను. డబ్బు వస్తుందా?

అడగండి, వదలవద్దు. 2023 సెప్టెంబరు 10న చెన్నైలో టికెట్టు ఉండి లోపలికి వెళ్లలేకపోయినవారిని టికెట్టు నకలు పంపమని రెహమాన్ స్వయంగా కోరారు. టికెట్టు, చెల్లింపు రసీదు, గేటు దగ్గర సమయంతో సహా తీసిన ఫొటో దాచుకోండి. ముందు అమ్మిన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల నంబరు 1915కు ఫోను చేయండి.

వచ్చినప్పటి నుంచి ఏదో వెలితిగా ఉంది. ఎందుకు?

ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన రోజు వెనక్కి వెళ్లిపోయింది కనుక. వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. ఆ పాటలు వెంటనే వినబుద్ధి కాకపోయినా కంగారుపడవద్దు. ఏ పాట తరువాత ఏది వచ్చింది, గాయకుడు మధ్యలో ఏమన్నాడు, పక్కన నిలబడింది ఎవరు అన్నవి తేదీ వేసి రాసుకోండి. నెల గడిస్తే వరస మరచిపోతాం.

ఇలాంటివి మన ఊళ్లో జరగాలంటే శ్రోతలుగా మేము ఏమి చేయగలం?

స్టేడియం నింపే బృందాలను రప్పించలేం కానీ, నలుగురైదుగురు సభ్యుల స్వతంత్ర బృందాన్ని పిలవవచ్చు. నెల్లూరు పురమందిరం లాంటి సభాభవనం వారికి సరిపోతుంది. చిన్న బృందాలు రానిది ఊరు చిన్నదని కాదు, టికెట్టు కొనే శ్రోతలు ఉన్నారో లేదో తెలియక. కాబట్టి ముందు శ్రోతల జాబితా తయారు చేయండి. ఫలానా ధరకు ఫలానా నెలలో వస్తామని మాట ఇచ్చిన రెండు వందలమంది పేర్లతో బృందం మేనేజరుకు రాస్తే జవాబు వస్తుంది. ప్రయాణ ఖర్చు తగ్గించడానికి వారు చెన్నైకో, విజయవాడకో వస్తున్న వారంలోనే అడగండి. హాలు అద్దె, పోలీసు అనుమతి, ధ్వని పరికరాల అద్దె మూడింటికీ అంచనా ముందే కట్టుకోండి. పాసులు పంచిపెట్టకండి, ప్రతి ఒక్కరూ టికెట్టు కొనాలి. వచ్చిన బృందానికి కూలి దక్కితేనే మరుసటి బృందం మన ఊరి పేరు వింటుంది.